నలభై మిషన్ల ఆయుధపూజ

సెప్టెంబర్ 8, సోమవారం

ఇది రాయడమెందుకులే అని డైరీ తీసి మళ్లీ అలమారలో పడేశాను. బ్యాంకు వాళ్లిచ్చిన డైరీ. పాలు రాని రోజుల గుర్తులు తప్ప ఇప్పటిదాకా దీంట్లో నా చేతిరాత లేదు. కానీ ఈ చిరాకు ఎవరితోనైనా చెప్పుకోకపోతే అన్నం సయించేలా లేదు. మా ఆవిడ యాదమ్మతో చెబుదామంటే, బతుకమ్మకి కట్టబోయే చీర గురించి తప్ప ఇంకో మాట వినే స్థితిలో లేదు. రామమోహనరావు గారితో చెబుదామంటే, నా చిరాకుకి మూలం ఆయనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. ఏదో పెద్ద ఆఫీసు వదిలించుకున్న నలభై పాత మిషన్లు తెచ్చి మూడో అంతస్తులో పేర్పించారు. వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద మిషన్‌లా పని చేయించాలి. క్లస్టర్ అంటారు. అది నేర్పుతామని బోర్డు ముందే వేయించేశారు. బోర్డు ముందు, మిషన్లు తర్వాత, నేర్పేవాడు ఆ తర్వాత. ఈ పేటలో చదువు ఆ వరసలోనే నడుస్తుంది.

నన్ను అక్కడికి లాగింది సుప్రియ. యాదమ్మ చెల్లెలి కూతురు, ఆ సెంటర్లో ల్యాబ్ చూసుకుంటుంది. "మా పెదబాపుకు లైనెక్స్ బాగొస్తది సార్, డిగ్రీ మాత్రం లేదు," అని చెప్పిందట. "డిగ్రీలున్నవాళ్లని చూశాం కదమ్మా, ఆయన్నే తీసుకురా," అన్నారట ఆయన. అది పొగడ్తో కాదో నాకింకా తేలలేదు.

ఇవాళ చేత్తో ఒక్కొక్కదానికీ లైనెక్స్, అంటే మిషన్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్, ఎక్కించడం మొదలుపెట్టాను. ప్రతి మిషనూ అవే ప్రశ్నలు. ఏ భాష, ఏ ఊరు, ఏ కీబోర్డు, డిస్కులో పాతది ఉంచాలా తీసేయాలా. ఇదే ఊళ్లో నలభై ఏళ్లు బతికినవాణ్ని పట్టుకుని మీది ఏ ఊరని అన్నిసార్లు అడిగితే ఎవరికి మండదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆరు మిషన్లు అయ్యాయి. నడుము కూడా అయిపోయింది.

సెప్టెంబర్ 11, గురువారం

చేత్తో చేయడం మానేశాను. మెట్రోలో చైతన్యపురి దాటుతుండగా బుద్ధొచ్చింది.

పోచంపల్లిలో మా అమ్మ చిటికి కట్టేది. నూలు మగ్గం ఎక్కకముందే, రంగు ఎక్కకూడని చోటల్లా ముడి వేసి రంగులో ముంచుతారు. పువ్వు ఎక్కడ రావాలో, చిలుక ఎక్కడ రావాలో నూలులోనే తేలిపోతుంది. తర్వాత నేసేవాడు ఊరికే నేసుకుంటూ పోవడమే. ఒక్కసారి కడితే, ఆ నూలు మీద నేసిన చీరలన్నీ ఒకే పోలిక.

ఇదీ అంతే. మిషన్లు అడిగే ప్రశ్నలన్నిటికీ ఒకే ఒక్క ఫైల్లో జవాబులు రాసి, ఈ నలభైకీ పెద్దగా విడిగా ఉంచిన మిషన్లో పెడతాను. చిన్న మిషన్ కళ్లు తెరవగానే తన డిస్కు వంక చూడకుండా, ముందు నెట్‌వర్క్ వైరు మీద కేకేస్తుంది: నేనెవర్ని, నేనేం చెయ్యాలి? పెద్దది దానికో పేరిచ్చి, ఆ జవాబులు చేతిలో పెడుతుంది. ఆ జవాబుల్లో డిస్కు గురించి నేను రాసిందేమిటంటే, ఉన్నదంతా తుడిచెయ్. మనిషి ముట్టుకోనక్కర్లేదు.

రామమోహనరావు గారికి అరగంట చెప్పాను. అంతా విని, "ఏవండీ కోదండం గారూ, నంబర్లు కాకుండా వీటికి దేవుళ్ల పేర్లు పెట్టకూడదూ?" అన్నారు.

సెప్టెంబర్ 13, శనివారం

చిన్న మిషన్లు కేకేస్తున్నాయి. పెద్దది పలకడం లేదు. పలికినప్పుడు వీటికి వినపడడం లేదు. సగం మిషన్లకి నెట్‌వర్క్ నుంచి లేవమని సెట్టింగు మార్చాలి, దానికి పాత ఆఫీసు వాళ్లు పాస్‌వర్డ్ పెట్టి పోయారు. మూత తీసి లోపలి బ్యాటరీ పీకితే గానీ పోదు. మధ్యాహ్నమంతా స్క్రూడ్రైవర్ పట్టుకుని నేల మీద కూర్చున్నాను. మోకాళ్ల డాక్టరు చూస్తే నా ఫైలు చించేస్తాడు.

నా ఇంగ్లీషంతా ఇలాంటి రోజుల్లో వచ్చిందే. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రిపేరు డబ్బా నడిపిన కాలంలో, ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు, వాటితో వచ్చే సీడీలు కొనుక్కుని, స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్లు చదివి నేర్చుకున్నాను. అందుకే నేను ఇంగ్లీషు మాట్లాడితే ఎవరినో తిట్టినట్టుంటుందని సుప్రియ అంటుంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

పలికింది.

మెయిన్ స్విచ్ వేసి, కిందికెళ్లి చాయ్ తాగి, ఎవరో ఒకాయన బాటసింగారంలో కొన్న ప్లాటు కథ మొత్తం విని, పైకొచ్చేసరికి నలభైకి నలభై సిద్ధంగా ఉన్నాయి. చేత్తో ఎక్కించిన ఆరు కూడా తమ పాతది తుడిచేసుకుని కొత్తగా లేచాయి. వరసగా పేర్లు చెబుతున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. ముచ్చట తీరక ఆపి మళ్లీ వేశాను. మళ్లీ తుడుచుకుని మళ్లీ లేచాయి.

సుప్రియ చూసి నవ్వింది గానీ, దాని కళ్లు ఎప్పుడూ ఏదో వెతుకుతుంటాయి.

"పెదబాపూ, ఎక్కిచ్చుడు అయిపోయినంక మిషన్ ఎప్పుడన్న ఆగి లేస్తే ఏమైతది? మళ్ల పెద్దదాన్నే అడుగుతదా?"

"అడుగుతది."

"అడిగితే?"

"అయిపోయింది, పోయి నీ డిస్కుల చూస్కో అని చెప్పాలె. గది జర రాసేదుంది. రాస్త."

ఆ జవాబుల ఫైల్లో ఒక్క వరస రాస్తే అయ్యే పని. ఇంకా రెండు మూడుసార్లు మార్చి ఎక్కించేది ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తే మళ్లీ తీయాలి. అయినా ఇవి ఆగేదెప్పుడు? ఇన్వర్టరుంది, కింద జనరేటరుంది.

సెప్టెంబర్ 18, గురువారం

ఆ వరస ఇవాళ రాద్దామనుకున్నాను. రామమోహనరావు గారు ప్రింటరు చూడమన్నారు. ప్రింటరు చూసినవాడికి ఆ రోజు ఇంకో పని చేసే మనసుండదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

దసరా సెలవులు. పిల్లలంతా ఊళ్లకు పోయారు. సుప్రియ లెక్క మొదలైంది.

ఈ సెలవుల్లో నలభై మిషన్లూ వాడుకోనిస్తానని ఆయన మాటిచ్చారనే అది ఈ సెంటర్‌ని పట్టుకుని ఉంది. దాని పీహెచ్‌డీ ఎక్కడాగిందో ఇంట్లో అందరికీ తెలుసు. సరూర్‌నగర్ చెరువు నుంచి ఎల్‌బీ నగర్ దాకా పెద్ద వాన పడితే నీళ్లు ఏ గల్లీ మీదుగా మూసీలో పడతాయి, దారిలో ఏ కాలనీలు మునుగుతాయి, అదీ లెక్క. ఇన్నేళ్ల వానల్నీ గంట గంటకీ మిషన్ల మీద మళ్లీ కురిపించాలి. యూనివర్సిటీ వాళ్లు రెండుసార్లు గడువు పెంచారు. అక్టోబర్ పదిహేను ఆఖరు, ఆ తర్వాత పేరు కొట్టేస్తారు. ఒక్క మిషన్ మీదైతే వచ్చే దసరాకి కూడా కాదు. నలభై మీదైతే అక్టోబర్ మొదటి వారంలో అయిపోతుంది.

మా నెట్‌వర్క్ నత్త నడక కాబట్టి ఏ మిషన్ చేసిన లెక్క ఆ మిషన్ డిస్కులోనే దాచుకోమని సలహా ఇచ్చాను. "ఆఖరికి అన్ని ఒక్కసారి పెద్దదాంట్లకు తీస్కుందాం," అన్నాను. మంచి సలహానే. ఎవరడిగినా అదే అంటాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

నడుస్తోంది. గదిలోకి పోతే పొయ్యి దగ్గరికి పోయినట్టుంది. ఆ వరస గుర్తొచ్చింది. పని చేస్తున్న పెద్ద మిషన్ని ఇప్పుడు కదిలించడం తెలివైన పని కాదు.

సెప్టెంబర్ 29, సోమవారం

ఎల్లుండి ఆయుధపూజట. రామమోహనరావు గారి నాన్నగారికి అటు కోస్తాలో రైసు మిల్లుండేదట. "మా మిల్లులో నవమినాడు మోటారు తిరిగేది కాదండీ. ఆపి, తుడిచి, బొట్టుపెట్టి, నిమ్మకాయ కోసి, ముహూర్తానికి మళ్లీ వేసేవాళ్లం. యంత్రానికీ ఒక పూట విశ్రాంతి ఉండాలి కదా," అన్నారు. మనకూ కొత్తేం కాదు. మా ఇళ్లల్లో కూడా ఆ రోజు మగ్గం ముట్టరు.

సుప్రియ బతుకమ్మకని పోచంపల్లి బయల్దేరుతూ, భుజాన సంచితో నా దగ్గరికొచ్చింది.

"సార్ ఆపిస్తడంట. ఆపి మళ్ల వేస్తే ఏం కాదు గదా? నా ప్రోగ్రామ్ ఆగిన కాన్నుంచి మళ్ల అందుకుంటది. డిస్కుల ఉన్నది ఉంటె చాలు."

"ఏం కాదు. నేనున్న గదా. నువ్వు మంచిగ బతుకమ్మ ఆడుకో పో."

"ఒక్కపారి పెద్దదాంట్లకు తీసి పోదునా? రాత్రి బస్సుకు పోత."

"వద్దు బిడ్డా, ఊకె పరేషాన్ గాకు."

వెళ్లిపోయింది. మెట్రో మెట్ల దాకా దింపి వచ్చాను.

అక్టోబర్ 1, బుధవారం

పూజ బాగా జరిగింది. పులిహోర బాగుంది.

అక్టోబర్ 2, గురువారం, దసరా

నిన్న సంగతి రాయలేదు. రాసేంత ఏమీ లేదనుకున్నాను.

రామమోహనరావు గారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. మెయిన్ ఆపారు. గదిలో శబ్దం ఒక్కసారి పోతే చెవుల్లో ఏదో అడ్డం పడ్డట్టనిపించింది. నలభైకీ తడిగుడ్డ, గంధం, కుంకుమ. ముహూర్తం రాగానే ఆయన చెయ్యి స్విచ్ మీద పెట్టి, అన్నీ ఒకేసారి వేయనా అని అడిగారు. "పెద్ద మిషన్ ముందు వేయండి సార్, అది లేచాక మిగతావి," అన్నాను. అలవాటు. నోటికొచ్చేసింది. పెద్దది కాస్త ఆలస్యంగా లేచుంటే చిన్నవి కేకేసి కేకేసి, విసుగొచ్చి తమ డిస్కులే చూసుకునేవి.

పెద్దది లేచింది. ఆయన రెండో స్విచ్ వేశారు. వరసలో మొదటి స్క్రీన్ మీద అక్షరాలు పరిగెత్తడం చూశాను. ఆ అక్షరాలు నాకు తెలుసు, కొత్తగా ఎక్కించేటప్పుడు వచ్చేవి. వైరు పీకుదామని లేచాను. నా మోకాళ్ల సంగతి సరే, అప్పటికే అది చేయాల్సిన మొదటి పని చేసేసింది. తుడవడానికి ఎంతసేపు. తక్కిన ముప్పై తొమ్మిదీ దాని వెంటే.

"చూశారా, ఎంత చురుగ్గా లేచాయో," అన్నారు రామమోహనరావు గారు. కొబ్బరికాయ నా చేతికే ఇచ్చారు. కొట్టాను.

సాయంత్రం సుప్రియ జమ్మి తీసుకుని ఇంటికొచ్చింది. యాదమ్మ చేతిలో, నా చేతిలో ఆకులు పెట్టి కాళ్లకు మొక్కింది.

"లెక్క ఎంత దాంక వచ్చింది పెదబాపూ?"

"నడుస్తుంది," అన్నాను.

పండగ పూట కదా.

అక్టోబర్ 3, శుక్రవారం

పొద్దున్నే ల్యాబ్‌కి పోయింది. నేను చేరేసరికి కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. ముందున్న మిషన్ కొత్త పెళ్లికూతురిలా కుంకుమ పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తన పేరు చెబుతోంది.

"ఏం లేదు. దేంట్ల సూడు, ఏం లేదు," అంది.

ఇంతలో రామమోహనరావు గారొచ్చారు. సుప్రియ లేచింది.

"కరెంటు తీసుడేంది సార్, మధ్యల? మిల్లు అనుకున్నరా ఇది?"

"అదేంటమ్మా, నిన్ను అడిగే కదా ఆపాను. ఏం కాదని మీ పెదనాన్నగారే చెప్పారు కదా. ఏవండీ, చెప్పండి."

ఇద్దరూ నా వైపు చూశారు. పాత డిస్కులు, వోల్టేజీ, ఒకేసారి వేస్తే పడే ఒత్తిడి అని ఏదో చెప్పాను. అవన్నీ లోకంలో ఉన్న విషయాలే. అబద్ధమని అనలేం.

"ఇన్ని ఒక్కపారి ఖరాబైనయా?" అంది సుప్రియ. నన్ను కాదు, ఆయన్ని చూస్తూ అంది.

అక్టోబర్ 4, శనివారం

మాట మీద మాట పెరిగింది. మిల్లు కొడుక్కి మిషన్లెందుకని సుప్రియ అందట. చదువుకున్నదానివి ఇలా మాట్లాడతావా, ఇంకో చోట చూసుకోమ్మా అని ఆయన అన్నారట. నేను లేను. మోకాలు నొప్పిగా ఉంటే ఇంట్లో ఉన్నాను.

నిజంగానే నొప్పి.

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున్నించీ ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. స్విచ్ ఆపింది నేను కాదు. ఆపకపోతే ఏమీ అయ్యేది కాదు. దీన్ని ఎవరూ కాదనలేరు.

ఇంకో సంగతి. దేశంలో ఎందరో ఇదే తప్పు చేస్తారు. నెట్‌వర్క్ మీద ఎక్కించేవాళ్లందరికీ ఒక్కసారైనా జరుగుతుందని పెద్దపెద్దవాళ్లే రాసుకున్నారు.

యాదమ్మ కూరగాయలు తరుగుతూ అంది: "ఆ పిల్ల రేపు తాళాలిచ్చి ఒస్తదంట. కొలువు పాయె, సదువు పాయె. మా చెల్లె ఫోన్ల ఒకటే ఏడ్సుడు. నువ్వేమో పేపర్ సదువుకుంట కూసున్నవ్."

"నేనేం చెయ్యాలె?"

"నాకేమెరుక. గా మిషన్లు నీయే గదా."

ఆమెకి చెప్పినా అర్థం కాదనుకున్నాను. పేపర్లో అదే పేజీ చాలాసేపు చదివాను.

అక్టోబర్ 6, సోమవారం

సుప్రియ తాళాలు పట్టుకుని ఆయన గదిలో ఉంది. నేనూ వెళ్లి కూర్చున్నాను. అడిగితే చెబుదామని కాసేపు చూశాను. ఎవరూ అడగలేదు.

"సార్, కరెంటు తీసినందుకు పోలేదు," అన్నాను. "మళ్లీ వేసినప్పుడు పెద్ద మిషనే వాటిని తుడిపించింది. తుడవమని రాసింది నేను. అయిపోయింది, ఇక తుడవొద్దని ఇంకో వరస రాయాలి. సుప్రియ ముందే అడిగింది కూడా. నేను రాయలేదు."

రామమోహనరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే, పూజ వల్ల కాదన్నమాట," అన్నారు. అంత బాధలోనూ ఆయన మొహం తేటపడింది. నాకు కోపం రావలసిన చోటు కాదు కాబట్టి ఊరుకున్నాను.

సుప్రియ ఆయన్ని చూడలేదు.

"ఎప్పుడు ఎరుకైంది నీకు?"

"పూజ నాడే."

"జమ్మి పెట్టి మొక్కినప్పుడు ఎరుకేనా?"

"ఎరుకే."

"నాలుగు రోజులు పెదబాపూ. ఆ నాడు చెప్పినా నాలుగు రోజులు దొరుకుతుండె."

నేనన్నీ ఆలోచించాను గానీ, ఇది ఆలోచించలేదు. పోయిన లెక్కని మళ్లీ మొదలుపెట్టడానికి ఆ పిల్లకి నా వల్ల పోయినవి నాలుగు రోజులని.

తాళాలు బల్ల మీద నుంచి తీసుకుని ల్యాబ్‌లోకి పోయింది. రామమోహనరావు గారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఉద్యోగం తిరిగి ఇవ్వడమని మేమిద్దరం అర్థం చేసుకున్నాం.

ఆ వరస ఇవాళ రాశాను. చాయ్ చల్లారేలోపు అయిపోయింది. ఆపి వేసి చూశాను. నలభై మిషన్లూ తమ డిస్కుల నుంచే లేచాయి. సుప్రియ మూడోసారి కూడా ఆపించి చూసింది. అప్పుడు లెక్క మొదలుపెట్టింది.

అక్టోబర్ 9, గురువారం

గడువులోపు మొత్తం కాదని తేలింది. నిన్న దాని గైడు గారితో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. పాత వానలు కొన్ని తీసేసింది. అయినా చాలక మ్యాపు కూడా కత్తిరించింది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల ఉంచి, ఎల్‌బీ నగర్ వైపు తీసేసింది. స్క్రీన్ మీద గీత గీస్తుంటే వెనక నిలబడి చూశాను. ఎల్‌బీ నగర్‌లోని మా కాలనీ గీతకి అవతల, తీసేసిన వైపు పడింది.

 

అక్టోబర్ 12, ఆదివారం

నడుస్తోంది. రోజూ సాయంత్రం తనే పెద్దదాంట్లోకి, ఇంకో డిస్కులోకి కాపీ తీసుకుంటోంది. వైర్లు పట్టుకోవడానికి నన్ను పిలుస్తోంది. అవసరమైన మాటలే.

అక్టోబర్ 14, మంగళవారం

ఇచ్చేసింది. థీసిస్, సగం మ్యాపుతో. గైడు గారు తీసుకున్నారట గానీ, ఎల్‌బీ నగర్ లేకుండా ఈ పేరెట్లా పెడతావని పేరు మార్పించారట. యాదమ్మ స్వీటు కొనమంది. కొన్నాను. సుప్రియ ఒకటి తీసుకుంది.

అక్టోబర్ 16, గురువారం

సెలవులైపోయి పిల్లలొచ్చారు. రామమోహనరావు గారు క్లాసు నన్నే మొదలుపెట్టమన్నారు. నెట్‌వర్క్ మీద లైనెక్స్ ఎలా ఎక్కుతుందో చూపిద్దామని పెద్ద మిషన్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకోలేదు. వేళ్లు తడబడ్డాయేమోనని నెమ్మదిగా మళ్లీ కొట్టాను.

సుప్రియ వచ్చి, "జర్రంత జరుగు పెదబాపూ," అంది. జరిగాను. తను కొట్టింది. తెరుచుకుంది.

కొత్త పాస్‌వర్డ్ ఏమిటో చెప్పలేదు. నేను అడగలేదు. పక్క కుర్చీలోంచి పాఠం చెప్పి, ఐదింటి మెట్రోకి ఇంటికొచ్చాను.